రెండు వేళ్ళ వదులు

సోమవారం పొద్దున వెలియా బారులోకి అడుగు పెట్టేసరికి పేకాట ఆగిపోయింది. ఆ బారులో పొద్దున కాఫీ, మధ్యాహ్నం వైను, రోజంతా పేకాట. అక్కడ ముసలివాళ్ళు ముక్కలు కింద పెట్టారంటే ఊళ్ళో ఎవరో పోయి ఉండాలి, లేదా అప్పటిదాకా వాళ్ళ నోళ్ళలో నలుగుతున్న మనిషే లోపలికి వచ్చి ఉండాలి. ఎవరూ పోయినట్టు లేదు. అందరి ముఖాలూ నిక్షేపంగా ఉన్నాయి.

"ఏంటలా చూస్తున్నారు? నా మొహం మీద గ్రీజుందా?" అంది వెలియా.

గాస్పరె గొంతు సవరించుకున్నాడు. పెంకుల ఫ్యాక్టరీలో రిటైరైన దగ్గర్నుంచి ఊరి కబుర్ల భారమంతా ఆయనే మోస్తున్నాడు. "గ్రీజు కాదు తల్లీ, చైను. దెల్ఫినా బండి చైను నిన్న రేసులో పటుక్కున తెగిందట. నీకు తెలీదా?"

వెలియా కాఫీ కప్పు అందుకోబోయి ఆగిపోయింది. "పిల్లకెలా ఉంది?"

"భుజం కమిలిందంతే. బండితో సహా కంకర్లోకి జారిపోయి, తనంతట తనే లేచి దులుపుకుందట. గట్టి పిండం."

హమ్మయ్య అనుకుంది వెలియా. అనుకున్నాక గానీ రెండో ప్రశ్న గుర్తు రాలేదు. "ఎందుకు తెగిందట?"

గాస్పరె తన ముక్కల్ని విసనకర్రలా విప్పి మళ్ళీ మూశాడు. "మీ మేస్త్రీయే అన్నాడు నిన్న సాయంత్రం. ఇదిగో, ఈ కుర్చీలో కూర్చునే. 'రివెట్టు నొక్కింది నా చెయ్యి కాదు' అన్నాడు. ఆ ఒక్క మాటే. మేమేం అన్లేదమ్మా."

ఆ ఒక్క మాట చాలు. కొత్త చైను రెండు కొసలతో విడిగా వస్తుంది. బండికి చుట్టాక ఆ కొసల్ని ఒక లింకుతో కలిపి, దాని రెండు పిన్నుల తలల్ని మరలో పెట్టి నొక్కి వెడల్పు చేస్తారు. అదే రివెట్టు. అది ఊడితే చైను ఊడుతుంది, చైను ఊడితే మనిషి ఏమైనా కావచ్చు. ఒరెస్తే మేస్త్రీ మోటారుసైకిళ్ళ షెడ్డులో పంతొమ్మిదేళ్ళుగా రివెట్లు నొక్కేది వెలియాయే. ఈ లోయలో కొండదారుల మీద గీపెట్టుకుంటూ తిరిగే రేసు బళ్ళలో సగానికి ఆమె రివెట్లే ఉన్నాయి.

కాఫీ తాగకుండానే బయటికి వచ్చేసింది.

షెడ్డు బారుకి ఎదురుగానే ఉంది. ఒరెస్తే అప్పటికే వచ్చి, చర్చి ఫాదరు గారి స్కూటరు విప్పి కూర్చున్నాడు. డెబ్భై ఒక్కేళ్ళు. ఇస్త్రీ చేసిన నీలం ఓవరాలు, జేబులో మడత నలగని గుడ్డ. ఆమెను చూసి తల ఎత్తలేదు.

"మేస్త్రీ, దెల్ఫినా బండి సంగతి విన్నాను."

"ఊఁ."

"రివెట్టే ఊడిందని చూసినవాళ్ళెవరన్నా చెప్పారా?"

"బండి రేపొస్తుంది," అన్నాడు స్కూటరుతో చెబుతున్నట్టు. "ఆ పదమూడో నంబరు పానా ఇలా ఇయ్యి."

ఇచ్చింది. ఇంకేం చేస్తుంది? పని నేర్పినవాడు, తిండి పెట్టినవాడు, ఇన్నేళ్ళలో ఒక్క పరుషమైన మాట అననివాడు. అలాంటివాడు నలుగురిలో అన్నాడంటే నిజమే కాబోలని మనసు ఆమె మీదే తిరగబడింది. మొన్న శుక్రవారం దెల్ఫినా చైనుకి రివెట్టు నొక్కాక కొలిచానా? కొలిచాను. రెండు పిన్నులూ కొలిచానా? ఎప్పుడూ రెండూ కొలుస్తాను. ఆ రోజు కూడా కొలిచానా? ఒకే పని పంతొమ్మిదేళ్ళు చేసిన మనిషికి ఆ పని ఫలానా రోజు చేశానో లేదో ఎలా గుర్తుంటుంది? అన్ని రోజులూ ఒకదాని మీద ఒకటి పడి ఒకటే రోజైపోతాయి.

పదకొండింటికి పై ఊరి నుంచి ఒకతను ఎర్ర బండి మీద వచ్చాడు. చైను సాగిపోయిందని, మార్చాలని చెప్పాడు. వెలియా అలవాటుగా చేతులు తుడుచుకుని లేచింది. అతను ఆమెకేసి చూడకుండా, "మేస్త్రీ, ఏమనుకోకండి, ఇది మీ చేత్తోనే అయితే..." అని నసిగాడు.

ఒరెస్తే చేతిలో పానా కింద పెట్టాడు. "సరే, వదిలి వెళ్ళు," అన్నాడు.

వెలియా మళ్ళీ కూర్చుంది. చెంపదెబ్బ తిన్నా అంత మంట పుట్టేది కాదు. ఇదిగో, ఇలాగే మొదలవుతుంది. ఇవాళ ఒకడు, రేపు ఇద్దరు. నెల తిరిగేసరికి ఆమె స్కూటర్ల టైర్లకి పంక్చర్లు వేసుకుంటూ ఉంటుంది. ఊళ్ళో ఎవరూ కోప్పడరు, పలకరింపులు కూడా మానరు. బండి మాత్రం ఇంకొకరికి ఇస్తారు.

మంగళవారం తొమ్మిదింటికి దెల్ఫినా బండిని తమ్ముడి వ్యానులో వేసుకుని తెచ్చింది. ముప్ఫై నిండని పిల్ల, పోస్టు బట్వాడా ఉద్యోగం. వారమంతా పచ్చ స్కూటరు మీద ఉత్తరాలు పంచుతుంది, ఆదివారమొస్తే కొండ అవతలి సర్క్యూట్లో మోకాలు నేలకి రాసుకుంటూ తిరుగుతుంది. భుజం మీద కట్టు ఉంది. మొహంలో మాత్రం ఏ బాధా లేదు.

"మేస్త్రీ ఏడక్కా?"

మేస్త్రీ లేడు. వ్యాను సందు మలుపు తిరగడం చూసి, పట్నంలో పనుందంటూ వెనక తలుపులోంచి వెళ్ళిపోయాడు. ఆయన అలా వెళ్ళడం వెలియా ఎన్నడూ ఎరగదు.

"చైను దొరికిందా?" అంది వెలియా.

"మొత్తం దొరికింది. సర్క్యూట్ వాళ్ళు ఏరి పెట్టారు," అంటూ దెల్ఫినా చైను వేసి తెచ్చిన బకెట్టు కింద పెట్టింది. "అక్కా, ముందే చెబుతున్నా, నేనెవరినీ ఏమీ అనలేదు. అన్నవాళ్ళ సంగతి నాకు తెలీదు."

"నాకు తెలుసులే."

బకెట్లోంచి చైను తీసి బల్ల మీద పొడుగ్గా పరిచింది. గుడ్డతో ఒక్కొక్క లింకే తుడుచుకుంటూ వెళ్ళింది. నూరు దాటాక కనబడింది తన లింకు. రెండు పిన్నుల తలలూ గుండ్రంగా, సమంగా, పువ్వు విచ్చినట్టు ఉన్నాయి. కొలిచింది. ఎంతుండాలో అంతా ఉన్నాయి. చైను తెగింది అక్కడ కాదు. ఇంకా తొమ్మిది లింకులు అవతల, ఒక లింకు పక్కరేకు మధ్యకి చిరిగిపోయింది.

వెలియా స్టూలు లాక్కుని కూర్చుంది. "నేను కాదు," అంది. మళ్ళీ అంది. "నేను కాదే, దెల్ఫినా."

"నువ్వు కాదని నాకు తెలుసక్కా," అంది ఆ పిల్ల. "అయితే ఏమైనట్టు?"

రేకు చిరిగిందంటే లాగుడు ఎక్కువైందన్నమాట. చైను ఎంత గట్టిదైనా దానికి కొంత వదులు ఉండాలి. గతుకు వచ్చినప్పుడు వెనక చక్రం పైకి లేస్తుంది, లేస్తూ ముందు పళ్ళచక్రం నుంచి దూరం జరుగుతుంది, ఆ దూరానికి సరిపడా చైను మిగిలి ఉండాలి. వెలియా బండి వెనక్కి వెళ్ళి వంగింది. ఇరుసుని వెనక్కి లాగే బోల్టులు రెండు వైపులా ఉంటాయి, పక్కన గీతలుంటాయి. తను వాటిని ఏ గీత మీద వదిలిందో ఆమెకి బాగా తెలుసు, ఎందుకంటే ఆ బండికి మామూలుగా వదిలేచోట వదల్లేదు. జులైలో దెల్ఫినా మలుపుల్లో బండి తొందరగా తిరగాలని వెనక వైపు ఎత్తు పెంచుకుంది. ఎత్తు పెరిగితే చక్రం ఇంకా కిందికి వేలాడుతుంది, దూరం ఎక్కువ ఎక్కి రావాలి. అందుకని వెలియా చైనుని బాగా వదులు చేసి పెట్టింది. ఇప్పుడు బోల్టులు దాదాపు రెండు గీతలు వెనక్కి ఉన్నాయి. నట్టు అంచున పానా పట్టిన గీరు తళతళా మెరుస్తోంది.

ఆ పానా ఎవరిదో అడగక్కర్లేదు. ఆ షెడ్డులో ఒక ఆచారం ఉంది. పని ఎవరు చేసినా, బండి గుమ్మం దాటే ముందు ఒరెస్తే చెయ్యి పడాలి. ఆయన వంగి, చైను కింద చూపుడువేలూ మధ్యవేలూ జతగా పెట్టి పైకి లేపుతాడు. రెండు వేళ్ళ వదులు ఉంటే సరే. లేకపోతే పానా తీసి సర్దుతాడు. ఆ తర్వాత గుడ్డతో చేతులు తుడుచుకుని, "పో" అంటాడు. ఆ "పో" వినకుండా లోయలో ఏ కుర్రాడూ బండెక్కడు. మేస్త్రీ చెయ్యి పడ్డాక ఇంకెవరూ నోరెత్తకూడదు, అది కూడా ఆచారమే. ఆ శుక్రవారం వెలియా భోజనానికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి బండి లేదు.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం విన్నాం గానీ, ఈయన పక్కవాళ్ళ భుజం మీద దుమ్ము చల్లాడే అనుకుంది వెలియా. అప్పటిదాకా లేని కోపం అప్పుడొచ్చింది. వెచ్చగా, హాయిగా కూడా ఉంది ఆ కోపం. ఎదురుగా బారు తలుపు తెరిచే ఉంది. చైను భుజాన వేసుకుని వెళ్ళి పేకముక్కల మీద పడేయాలని, "ఇదిగో నా రివెట్టు, ఇదిగో మీ మేస్త్రీ వేళ్ళు" అనాలని నాలుక చివరిదాకా వచ్చింది.

"ఏమైందక్కా?" అంది దెల్ఫినా మళ్ళీ.

"బిగుసుకుంది," అంది వెలియా. "రేపు మధ్యాహ్నానికి రా. నీ ఎదురుగానే తేలుస్తాను."

ఎందుకు ఆగిందో ఆమెకే సరిగ్గా తెలియదు. జాలి కాదు. ఆయన మొహం చూస్తూ చెప్పాలనిపించింది, అంతే.

బుధవారం పొద్దున్నే పని మొదలుపెట్టింది. చైనుతో పాటు పళ్ళచక్రాలు రెండూ మార్చాలి. చైను తెగినప్పుడు చుట్టుకుని ముందు చక్రం పళ్ళు రెండు విరిగాయి, వెనకదానివి వంకర పోయాయి. అరిగినవాటి మీద కొత్త చైను వేస్తే అది కూడా నెలలో అరిగి కూర్చుంటుంది. చెడ్డవాడి పక్కన చేరిన మంచివాడి సంగతే.

చైను దెబ్బకి పగిలిన ఇంజను పక్కమూత తీసి పారేసింది. ముందు చక్రం నట్టుకి వాషరు అంచు మడిచి ఉంటుంది, విప్పుకోకుండా. ఉలి మొనతో దాన్ని సాఫు చేసింది. పొడుగు పానా వేసి, ఒంటి బరువంతా దాని మీద మోపింది. నట్టు కీచుమని కదిలింది. చక్రం లాగాక దాని వెనక పేరుకున్న నల్లటి జిడ్డుని చెక్కపుల్లతో గీకి, కిరసనాయిలు బ్రష్షుతో కడిగింది. ఇంజనులోంచి వచ్చే ఇరుసు చుట్టూ వేలు పెట్టి తిప్పి చూసింది, బేరింగు మెత్తగా తిరిగింది. బతికించింది అనుకుంది. ముందు కొత్త చక్రం ఎక్కించి, వెనక చక్రం విప్పి, దానికీ కొత్త పళ్ళచక్రాన్ని బిగించింది. నట్లు ఎదురెదురువి వరసగా, ఒకదాని తర్వాత ఒకటి, కొద్దికొద్దిగా.

ఒరెస్తే అవతలి మూల ఎర్ర బండితో కుస్తీ పడుతున్నాడు. రెండు రోజులుగా అదే పని. ఆయన చైను కోసుకుని, లింకు పెట్టి, మరలో నొక్కి, కొలిచి, మళ్ళీ కొలిచి, కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ కొలవడం వెలియా ఓరకంట చూస్తూనే ఉంది. రేడియో ఒకటే మాట్లాడుతోంది, ద్రాక్షకోతల గురించీ వాన గురించీ.

కొత్త చైనులో లింకులు లెక్కపెట్టింది. నూట పన్నెండు. వేలితో తాకుతూ ఇంకోసారి లెక్కపెట్టింది. మిగిలినవి కోసేసి, చైనుని రెండు చక్రాల మీదా తిప్పి, కొసలు కలిపింది. లింకు పిన్నులకి గ్రీజు పట్టించి, నాలుగు రబ్బరు రింగులూ తొడిగి, పక్కరేకు పెట్టి, మర తగిలించి నెమ్మదిగా నొక్కింది. కొలిచింది. రెండో పిన్ను కూడా నొక్కి కొలిచింది. ఈసారి కొలతలు సుద్దముక్కతో నేల మీద రాసింది.

పన్నెండు కొట్టేసరికి దెల్ఫినా వచ్చింది. బండి స్టాండు మీద ఉంది. వెలియా చేతులు తుడుచుకుంది.

"మేస్త్రీ, దెల్ఫినా బండి అయింది. మీ చెయ్యి పెట్టండి."

ఒరెస్తే లేచి వచ్చాడు. వచ్చాక కూడా కొంచెంసేపు నిలబడే ఉన్నాడు. తర్వాత వంగి చైను కింద రెండు వేళ్ళు పెట్టి లేపాడు. చైను వేళ్ళని దాటి ఇంకా పైకి పోయింది. ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. చెయ్యి పానా కోసం వెళ్ళి గాల్లోనే ఆగింది.

"వదులుగా ఉంది," అన్నాడు గొంతు తగ్గించి.

"అయితే బిగించండి. ఎప్పుడూ బిగించినట్టే."

బిగించాడు. రెండు వేళ్ళ వదులు వచ్చాక లేచాడు. "పో" మాత్రం అనలేదు.

"ఇప్పుడు ఇటు చూడండి," అంది వెలియా. బండిని పైనుంచి గొలుసుతో కట్టి, షాకబ్జార్బరు కింది బోల్టు ఊడబెరికింది. వెనక చక్రం కింద జాకీ పెట్టింది. "గతుకులో చక్రం ఇలా లేస్తుంది కదా." జాకీ తిప్పింది. చక్రం అంగుళం అంగుళంగా పైకి లేచింది. సగం కూడా లేవలేదు, చైను కిందా పైనా లాగిన తాడులా బిగిసిపోయింది. ఇంకో చుట్టు తిప్పబోయింది. చక్రం కదల్లేదు. జాకీ మూలిగింది. ఎక్కాల్సిన ఎత్తు ఇంకా నాలుగు వేళ్ళుంది, చైను ఎక్కనివ్వడం లేదు.

ఒరెస్తే చైనుని ముట్టుకుని చూశాడు. ఇనపకడ్డీ.

"వెనక ఎత్తు పెంచారా?" అన్నాడు చివరికి.

"జులైలోనే మేస్త్రీ," అంది దెల్ఫినా. "వెలియా అక్కే చేసింది."

"నాకు చెప్పలేదే?"

"మీరెప్పుడు అడిగారు?" అంది వెలియా. "మీ చెయ్యి పడ్డాక నోరెత్తకూడదు. పడకముందు చెబుదామంటే, నేను అన్నానికి వెళ్ళిన టైం చూసి బిగించి పంపేశారు. నా రివెట్టు చెక్కుచెదరలేదు. అదిగో బల్ల మీదుంది, మీరింతవరకూ దాని మొహమే చూడలేదు."

ఆయన చూడలేదు. ఫాదరు గారి స్కూటరు సీటు మీద కూలబడి, తన కుడిచేతి వేళ్ళు రెండూ మొహానికి దగ్గరగా పెట్టుకుని చూసుకున్నాడు. ఆ మొహంలో సిగ్గు కనిపిస్తుందని వెలియా కాచుకుని ఉంది. సిగ్గు కాదు అక్కడుంది. ఊపిరాడక నీళ్ళలోంచి పైకి తేలినవాడి మొహం అది.

"అయితే నా వేళ్ళు కావన్నమాట," అన్నాడు.

"ఏంటీ?"

"చలికాలం నుంచీ ఇవి మొద్దుబారినట్టుంటున్నాయి వెలియా. పొద్దున గుండీలు పెట్టుకోలేను. ఎవరికీ చెప్పలేదు. చైను తెగిందని ఫోనొచ్చేసరికి... ఇంకేముంది, నా వేళ్ళు పోయాయి, కొలత తప్పాయి, ఒరెస్తే పని అయిపోయిందనుకున్నాను. నోట్లోంచి నీ మీదికి ఆ మాట ఎలా వచ్చిందో..." ఆగాడు. "ఎలా వచ్చిందో నాకు తెలుసు. భయపడ్డాను."

వెలియా కోపం ఎక్కడికీ పోలేదు. పోలేదు గానీ, అది కూర్చోవడానికి చోటు లేకుండా పోయింది. కొలిచే సాధనం తీసి ఎర్ర బండి దగ్గరికి నడిచింది. "లేవండి. ఇది మామూలు బండి. కళ్ళు మూసుకుని చెయ్యి పెట్టి చెప్పండి, ఎంతుందో."

ఆయన కళ్ళు మూసుకుని చైను లేపాడు. "ముప్ఫై మూడు, ముప్ఫై నాలుగు మిల్లీమీటర్లు."

ఆమె కొలిచింది. "ముప్ఫై నాలుగు. మీ వేళ్ళు లక్షణంగా ఉన్నాయి. మొద్దుబారితే డాక్టరు చూస్తాడు. కొలత తప్పలేదు. బండి మారింది, అంతే."

ముసలాయన నవ్వాడు. నవ్వుతుంటేనే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. జేబులో గుడ్డ తీసి ముక్కు చీదాడు, మడత నలిగినా పట్టించుకోలేదు.

"మీ గుండె బరువు దిగింది," అంది వెలియా. "మరి నా పేరు సంగతో?"

"సాయంత్రం బారుకెళ్తాను కదా..."

"ఇప్పుడే వెళ్ళండి. అన్నం టైము, అందరూ ఉంటారు."

"నువ్వూ రా."

"నేను రాను. నా వెనకాల అన్న మాట నా వెనకాలే వెనక్కి తీసుకోండి."

ఒరెస్తే ఓవరాలుతో బారుకి వెళ్ళి ఎరగడు. ఆ మధ్యాహ్నం గ్రీజు చేతులతోనే రోడ్డు దాటాడు. వినకపోతే పాపం తగులుతుందన్నట్టు దెల్ఫినా ఆయన వెంటే పరిగెత్తింది. వెలియా జాకీ దించి, షాకబ్జార్బరు బోల్టు వేసి, చైనుని మళ్ళీ తన కొలతకి వదులు చేస్తూ కూర్చుంది. చెవులు మాత్రం రోడ్డుకి అవతలే ఉన్నాయి. ఏమీ వినపడలేదు. తర్వాత ఒక్కసారిగా నవ్వులు, బల్ల మీద చరిచిన చప్పుడూ వినిపించాయి.

దెల్ఫినా రొప్పుకుంటూ వచ్చింది. "అక్కా, పేకముక్కలన్నీ చేత్తో తోసేశాడు! గాస్పరె గెలిచే ఆట. 'రివెట్టు నిలబడింది, నేనే మాట మీద నిలబడలేదు. చైను నేను బిగించి తెంపాను, తప్పు వెలియా మీద వేశాను' అన్నాడు. ఎవరూ ఊపిరి తియ్యలేదు. అప్పుడు గాస్పరె, 'అది సరే, నా ముక్కలు ఎవడు ఇస్తాడు?' అన్నాడు. ఇంక చూడు నవ్వులు!"

"గాస్పరె ఇంకేం అన్లేదా?"

"అన్నాడు. 'నాకు ముందే తెలుసు' అన్నాడు."

వెలియా పగలబడి నవ్వింది. ఆకలి వేసింది. మూడు రోజులుగా ఏం తిన్నదో కూడా గుర్తు లేదు. దెల్ఫినా బారు నుంచి చేతిసంచీలో మెత్తని జున్ను పెట్టిన వేడి రొట్టెలు తెచ్చింది, వాసన షెడ్డంతా నిండింది. రొట్టె అంచు తుంచుకుని నమిలింది. ఒళ్ళంతా తేలికైనట్టనిపించింది.

ఒరెస్తే తిరిగి వచ్చి, గుమ్మంలో నిలబడ్డాడు. చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"అయిందా?"

"అయింది."

బండి దగ్గరికి వచ్చాడు గానీ చెయ్యి చాపలేదు. "ఎన్ని వేళ్ళు వదిలావు?"

"మూడు. ఇంకొంచెం పైనే."

ఆయన మోకాలు నేల మీద ఆనించి కూర్చుని, కుడిచెయ్యి ముందుకి చాపాడు. చైను దగ్గరికి కాదు, వెలియా దగ్గరికి. "ఎలా ఉంటుందో నాకు చూపించు," అన్నాడు.

వెలియా రొట్టె పక్కన పెట్టి, ఆయన పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. ఆ చేతిని పట్టుకుని, చూపుడువేలికీ మధ్యవేలికీ ఉంగరపువేలు జత చేసి, మూడు వేళ్ళూ చైను కింద పెట్టి పైకి లేపింది. చైను మెత్తగా, ఎక్కడా తట్టుకోకుండా లేచింది. ఆయన శ్వాస బిగబట్టి ఆ వదులు మొత్తం వేళ్ళలోకి ఎక్కించుకుంటున్నాడు.

"తెలిసిందా?" అంది.

"లేదు," అన్నాడు ఒరెస్తే. "ఇంకోసారి."